వీసాల ఆషాఢం

ఒక విదేశీ ప్రభుత్వానికి ఆషాఢమాసం అంటే ఏమిటో నేర్పిన మనిషిని నేనే. ఆ దేశం పేరు చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను గనక చెప్పను. చెప్పకపోయినా నష్టం లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు దానికి ఫీజు కట్టే ఉంటారు.

నా పేరు పామర్తి కోటిలింగం. విజయవాడలో ఒక చీరల దుకాణంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఇంటర్ తప్పాను. అయినా ఇవాళ నా విజిటింగ్ కార్డు మీద "ధరల సలహాదారు, విద్యార్థి వీసా విభాగం" అని ఉంది. ఆ ఉద్యోగం నాకు ఒక చేతిరుమాలు వల్ల వచ్చింది.

ఈ ఏడాది ఆషాఢంలో ఒక దొరసాని చేతిరుమాలు కొనడానికి మా దుకాణానికి వచ్చి, పద్నాలుగు చీరలు కొనుక్కుని వెళ్లింది. ఆవిడకు చీర కట్టుకోవడం రాదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ భర్త వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని ముందు జాగ్రత్తగా కూల్‌డ్రింకు తెప్పించాను. ఆయన పేరు హోల్బెక్. ఊళ్లో కొత్తగా తెరిచిన ఆ దేశపు వీసా కార్యాలయానికి పెద్ద. పక్కన ఫైలు పట్టుకుని అనువాదాధికారి ఆకెళ్ళ సూర్యప్రసాదరావు గారు.

దొరగారు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అడిగారు. సూర్యప్రసాదరావు గారు గొంతు సవరించుకున్నారు. దొర నాలుగు ముక్కలంటే ఆయన నలభై చేసి చెబుతారని నాకు అప్పటికి తెలియదు.

"సదరు శ్రీమతి హోల్బెక్ గారు నిన్నటి దినమున ముప్ఫై ఎనిమిది వేల రూపాయలు వ్యయపరచి, లక్షా పాతిక వేలు ఆదా చేసితినని గృహమునందు ప్రకటించియున్నారు. ఇట్టి అభిప్రాయమును ఆమెకు కలుగజేసిన వ్యక్తి ఎవరో తెలియజేయవలసిందిగా కోరడమైనది."

"నేనేనండి," అన్నాను, పారిపోవడానికి దారి చూసుకుంటూ.

దొరగారు లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

ఆయన కష్టమేమిటో కూల్‌డ్రింకు అయ్యేలోపు చెప్పుకున్నారు. వాళ్ల దేశం విద్యార్థి వీసా ఫీజు పెంచింది. పెంచితే నాణ్యమైన విద్యార్థులు వస్తారని సర్క్యులర్ వేసింది. రాలేదు. ఇంకా నాణ్యమైన వాళ్లు రావాలని మళ్లీ పెంచింది. మూడోసారి పెంచేసరికి నాణ్యత ఎంత పెరిగిందంటే, మే నెల మొత్తానికి వచ్చిన దరఖాస్తులు రెండు. అందులో ఒకటి అడ్రసు తప్పి వచ్చింది. అక్కడ కాలేజీల్లో బెంచీలు ఖాళీ. పోనీ తగ్గించండి అంటే, తగ్గిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పైవాళ్లంటారు.

"తగ్గించొద్దండి," అన్నాను. "ఇంకా పెంచండి. పెంచి, దాని మీద ఎర్రగీత గీయండి."

సూర్యప్రసాదరావు గారు ఆ మాట అనువదించడానికి రెండుసార్లు మంచినీళ్లు తాగారు.

వారం తిరిగేసరికి కార్యాలయం ముందు బోర్డు వెలిసింది. అప్పటిదాకా ఫీజు అరవై రెండు వేలు. బోర్డు మీద లక్షా నలభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని రాయించి, దాన్ని అడ్డంగా కొట్టేయించి, కింద "డెబ్బై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మాత్రమే! ఆషాఢం స్పెషల్!" అని పెట్టించాను. అరవై రెండు వేలకు రాని జనం డెబ్బై అయిదు వేలకు ఒక్క రూపాయి తక్కువ అనేసరికి పొద్దున్న ఆరింటికే వరస కట్టారు. దొరగారు కిటికీలోంచి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

వచ్చినవాళ్లు మనవాళ్లే కదా. ఒక తల్లి దరఖాస్తు ఫారాన్ని వెలుగుకు పట్టి చూసి, ఇది పల్చగా ఉంది, ఇంకోటి తియ్యమంది. ఇంకొకావిడ ఇదే ధరకు వేరే దేశం ఏమన్నా ఉందా అనడిగింది. మూడో ఆవిడ ఇంత కడుతున్నాం, కొసరేమిస్తారంది. కొసరు గురించి వాళ్ల చట్టంలో లేదు. సూర్యప్రసాదరావు గారు రాజధానికి రాశారు: "ఈ ప్రాంతీయులు కొసరు అను పూర్వాచారమును ఆశించుచున్నారు." మూడు రోజుల్లో జవాబు వచ్చింది. తలకొక గుడ్డసంచీ ఇవ్వవచ్చునట. సంచీ ఇచ్చినంత మాత్రాన వీసా ఇచ్చినట్టు భావించరాదట.

నెల తిరక్కుండా దరఖాస్తులు నాలుగు వేలు దాటాయి. వాళ్ల మంత్రిగారు సభలో లేచి, "ఫీజు తగ్గించకుండానే తగ్గించాం" అన్నారని, బల్లలు చరిచారని విన్నాను.

ఇంతలో ఆషాఢం అయిపోవచ్చింది. శ్రావణం వస్తే తగ్గింపులుండవండీ, పెళ్లిళ్ల సీజను, అసలు ధరే అని చెప్పాను. దొరగారి మొహం వాడిపోయింది. ఆయన ఆ ముక్క పైకి రాశారు. పైనుంచి ఉత్తర్వు దిగింది. సూర్యప్రసాదరావు గారు దాన్ని లేచి నిలబడి చదివారు.

"విద్యార్థి సంక్షేమము దృష్ట్యా, ఆషాఢమాసమును డిసెంబరు ముప్ఫై ఒకటవ తేదీ వరకు పొడిగించడమైనది."

నవ్వకండి. నేనూ నవ్వలేదు, జీతం తీసుకుంటున్నాను. మర్నాడు ఉయ్యూరు నుంచి ఒక కొత్త పెళ్లికొడుకు వచ్చి కౌంటరు ముందు కూలబడ్డాడు. అతనికి వీసా అక్కర్లేదు.

"మీ గవర్నమెంటు ఆషాఢాన్ని డిసెంబరు దాకా పెంచిందంటగా సార్! మా అత్తగారు పేపర్లో చూసి, మా ఆవిణ్ని పంపనంటోంది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తారింట్లో ఉండకూడదంట. ఏదో ఒకటి చెయ్యండి, నాకు హోటల్ తిండి పడటం లేదు."

సూర్యప్రసాదరావు గారు చాలాసేపు ఆలోచించి, "ఇట్టి పొడిగింపు వైవాహిక విషయములకు వర్తించదు" అని రాసి, రెండు స్టాంపులు కొట్టి ఇచ్చారు. అతను ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని బస్టాండుకు పరిగెత్తాడు. ఆ కార్యాలయం వల్ల సుఖపడ్డ మొదటి మనిషి అతనే.

ఆశకు అంతెక్కడ? దరఖాస్తులు రెట్టింపు కావాలి, ఫీజు మాత్రం మారకూడదని రాజధాని నుంచి కబురొచ్చింది. నాకు తెలిసిన వైద్యం ఒకటే. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నాను. షరతులు రాసిమ్మన్నారు. మా దుకాణం బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉండే పన్నెండు షరతులే తీసి, చీర అన్నచోటల్లా దరఖాస్తు అని మార్చి ఇచ్చాను. బిల్లు వెనక ఎవరూ చదవరు కదా, నేనూ చదవలేదు. వాళ్లు కూడా చదవకుండానే గెజెట్‌లో వేసి చట్టం చేసేశారు. కంప్యూటర్లన్నీ జతలకు మార్చారు. ఇక ఒంటరి దరఖాస్తన్నది లోకంలో లేదు.

జతలకు కరువేమిటి? ఒక డాక్టరుగారి అబ్బాయి డ్రైవర్ని జతగా తెచ్చాడు. ఒక ఇంటి ఓనరు, అద్దె ఎగ్గొట్టి పోతాడేమోనని కిరాయిదారుడితోనే జత కట్టాడు. ఎదురుగా ఉన్న టీకొట్టువాడు జతలు కుదిర్చి పెడతానని అట్టముక్క వేలాడదీశాడు. నేను ఇదంతా చూసి మురిసిపోతూ ఉండగా, ఆగస్టు ఆరో తేదీన హిమజ వచ్చింది.

హిమజది ఆకివీడు దగ్గర పల్లె. ఫిషరీస్ డిగ్రీ చదివింది. వాళ్ల రెండెకరాల రొయ్యల చెరువు తెల్లమచ్చ జబ్బుకు మూడేళ్లలో రెండుసార్లు ఊడ్చుకుపోయింది. ఆ జబ్బును చెరువులో ఉండగానే కనిపెట్టే పరీక్షల మీద పనిచేసే ప్రయోగశాలలో ఆ అమ్మాయికి సీటు వచ్చింది. చదువు ఖర్చంతా వాళ్లదే. వీసా ఒక్కటే తను తెచ్చుకోవాలి. ఆగస్టు పద్దెనిమిదికల్లా చేరకపోతే సీటు వేరేవాళ్లకు పోతుంది. మేలోనే, ఏ బోర్డూ లేని రోజుల్లో, అరవై రెండు వేలూ కట్టింది. ఆ నెల వచ్చిన రెండు దరఖాస్తుల్లో అడ్రసు తప్పనిది ఈ అమ్మాయిదే.

"నా అప్లికేషన్ ఏమైంది సార్?" అనడిగింది.

సూర్యప్రసాదరావు గారు కంప్యూటర్లో చూశారు. "సదరు దరఖాస్తు ఏకాకిగా యున్నందున వ్యవస్థ దానిని గుర్తించుట లేదు. జతను సమర్పించిన ఎడల పరిశీలించబడును."

"చదువుకునేది నేనొక్కదాన్నే కదండీ."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయము."

ఆ పిల్ల ఏడవలేదు. కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయింది. బోర్డు నాది, జత నాది, షరతులు నావి. నాకు సిగ్గేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో అక్కర్లేని చీరలు ఎన్ని అంటగట్టానో లెక్కలేదు గానీ, నిజంగా కావాలని వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపింది లేదు.

ఆమె పక్కన క్యారేజీ పట్టుకుని ఒక పెద్దావిడ ఉంది. మేనత్తట. పేరు వరాలమ్మ. ఐసులో పనిచేసి పనిచేసి వేళ్లు తెల్లగా పగిలి ఉన్నాయి.

"అమ్మా, మీకు పాస్‌పోర్టుందా?" అనడిగాను.

"ఉందండి బాబూ. రెండేళ్లు కువైటెల్లొచ్చాను."

"అయితే మీరే జత."

పాత ఫీజుకూ తగ్గింపు ధరకూ మధ్య తేడా పన్నెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది కట్టించుకుని, జతను కంప్యూటర్లోకి ఎక్కించారు. తగ్గింపు పుణ్యమా అని ఆ అమ్మాయికి ఫీజు పెరిగింది. మర్నాడే ఇంటర్వ్యూ.

హిమజ చకచకా జవాబులు చెప్పి ముగించింది. తర్వాత వరాలమ్మ వంతు.

"తమ నామధేయము?" అన్నారు సూర్యప్రసాదరావు గారు.

"మూడో టేబులండి," అని, వెంటనే నాలిక కరుచుకుంది. "కాదండి, వరాలమ్మండి. రొయ్యల షెడ్డులో ముప్ఫై ఏళ్లబట్టి వలుత్తన్నాను. అక్కడ పేరెట్టి పిలవరండి, టేబులు నెంబరే. అలవాటైపోయింది."

"తమరు ఏ విషయమున ఉన్నత విద్య నభ్యసింపగోరుచున్నారు?"

"ఆయనేటంటన్నారమ్మడూ?"

"ఏం చదువుతావని అడుగుతున్నారత్తా."

"చదువేటండి నా మొకం. రొయ్య గురించైతే అడగమనండి, చెబుతాను."

దొరగారు అడగమన్నారు. ఆవిడ చెప్పింది.

"జబ్బు రొయ్య చేత్తో పట్టుకుంటే తెలిసిపోద్దండి. మంచిదాని పెంకు గోరుకి గట్టిగా తగుల్తాది. జబ్బుది వదులుగా ఊడొచ్చేత్తాది. మచ్చ కనబడే ముందే మేత మానేసి గట్టు కాడికి చేరతాదండి. అది చూసుకోవాలి. మచ్చ చూశాక ఇంకేటి చూత్తాం, చెరువు పోయినట్టే."

"అంత తెలిసినవారు ఉండగా మీ మేనకోడలు వెళ్లి నేర్చుకోవలసినది ఏమున్నది?" ఇది దొరగారి ప్రశ్న.

"నాకు తెలిసేది చేతిలోకొచ్చాకండి. అప్పటికి రైతు మునిగిపోయుంటాడు. ఇది నీళ్లలో ఉండగానే తెలుసుకోడం నేర్చుకోడానికెల్తంది. ఎల్లనివ్వండి బాబుగారూ, మీకు పుణ్యముంటాది."

దొరగారు చాలాసేపు ఏదో రాసుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం తొమ్మిదో తేదీ పొద్దున దాకా ఉంది.

తొమ్మిదో తేదీన వరాలమ్మకు వీసా వచ్చింది. హిమజకు ఎనిమిది వారాలు ఆగమని కాగితం వచ్చింది.

"ఇదేం న్యాయమండీ!" అని సూర్యప్రసాదరావు గారి మీదికి వెళ్లాను.

ఆయన నిదానంగా విప్పి చెప్పారు. "దరఖాస్తును పరిశీలించుట, సందేహించుట, తిరస్కరించుట అనునవి ఫీజు చెల్లించినవారికి లభించు సేవలు. ఉచిత దరఖాస్తుదారు సదరు సేవలకు ఏమియు చెల్లించలేదు. కావున ఆమెను సందేహించుటకు మాకు అధికారము లేదు. వీసా ఇచ్చివేయడమైనది."

"మరి హిమజ?"

"ఆమె పూర్తిగా చెల్లించియున్నారు. ఎనిమిది వారములు క్షుణ్ణముగా సందేహించవలసియున్నది."

వరాలమ్మ తన పాస్‌పోర్టు కౌంటరు మీద పెట్టింది. "నాకెందుకండి ఇది? దానికి అంటించెయ్యండి."

"బదిలీ చేయరాదు."

ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. నేను బల్ల దగ్గర కూర్చుని, ముప్ఫై ఒక్క ఏళ్లు వేల బిల్లులు చింపి ఇచ్చిన మనిషిని, మొదటిసారి బిల్లు వెనక చదివాను. తొమ్మిదో షరతు దగ్గర ఆగాను. దాన్ని పట్టుకుని దొరగారి గదిలోకి నడిచాను.

"దొరగారూ, ఇది మీ చట్టం. 'రెండింటిలో ఎక్కువ విలువ గలదానికే బిల్లు వేయబడును. తక్కువ విలువ గలది ఉచితముగా ఇవ్వబడును.' మీరు బిల్లు ఎవరి మీద వేశారో, విలువ చూసే వేశారా?"

జతలో ఎవరి విలువెంత అని ఆ కార్యాలయంలో అంతవరకు ఎవరూ అడగలేదు.

"పట్టభద్రురాలి విలువయే అధికము," అన్నారు సూర్యప్రసాదరావు గారు.

"డిగ్రీకి నాలుగేళ్లండి. షెడ్డుకి ముప్ఫై ఏళ్లు. కొత్త చీర తళతళలాడుతుంది, నిజమే. కానీ ముప్ఫై ఏళ్లు ఉతికినా రంగు పోనిదాని ధర మీకేం తెలుసు?"

దొరగారు తను రాసుకున్న కాగితం తీసి మళ్లీ చదువుకున్నారు. పెంకు, గోరు, గట్టు, మేత అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కమాట అన్నారు. సూర్యప్రసాదరావు గారు ఆ ఒక్కమాటను మూడు స్టాంపులతో విలువ నిర్ధారణ పత్రం చేశారు.

"రొయ్యల శాస్త్రమునందు ముప్ఫై ఏండ్ల ప్రత్యక్ష పరిజ్ఞానము గల శ్రీమతి వరాలమ్మ గారు, జతలో అధిక విలువ గలవారుగా ప్రభుత్వముచే నిర్ధారించబడినారు."

బిల్లు వరాలమ్మ మీదికి మారింది. ఆవిడ వీసా రద్దయి, ఎనిమిది వారాల సందేహంలోకి వెళ్లింది. హిమజ ఉచిత దరఖాస్తుదారు అయింది గనక ఆమెను సందేహించే అధికారం ఎవరికీ లేకపోయింది. సాయంత్రం నాలుగింటికి వీసా చేతికొచ్చింది.

"అత్తా, నేను ఫ్రీ అంట!" అని ఆ పిల్ల అత్తను చుట్టేసుకుని గిరగిరా తిప్పింది.

వరాలమ్మ ఆ గోలలో లేదు. బల్ల మీది పత్రం వంక చూస్తోంది. "అందులో ఏటి రాసుందండి బాబూ?" అనడిగింది. చదివాను. "ఇంకోపాలి సదవండి," అంది. మళ్లీ చదివాను. తనకివ్వమని అడిగింది. ఫైలు నడుస్తున్నంతకాలం అది కార్యాలయ ఆస్తి అన్నారు సూర్యప్రసాదరావు గారు. ఆవిడ దాని అంచు ఒకసారి తడిమి వెనక్కిచ్చేసింది.

హిమజ పద్దెనిమిదో తేదీన చేరిపోయింది. ఇక్కడ మా కొంప మునిగింది. తక్కువ విలువైతే సందేహం ఉండదన్న సంగతి ఊరంతా పాకింది. పిల్లల ర్యాంకులు ఫ్లెక్సీలు కట్టి చెప్పుకునే తల్లిదండ్రులు రాత్రికి రాత్రే మారిపోయారు.

"మావాడు దేనికీ పనికిరాడండీ," అని ఒక తండ్రి కౌంటరు గుద్ది చెప్పాడు. "పాలప్యాకెట్టు తెమ్మంటే పెరుగు తెస్తాడు. రాసుకోండి."

"మీవాడు ఏదో ఒకటి తెస్తాడుగా! మావాడు డబ్బులు కూడా పారేసొస్తాడు," అని వెనకాయన తోసుకొచ్చాడు.

గోల్డ్ మెడల్ వచ్చిన ఒక అమ్మాయి దాన్ని సంచీ అడుగున దాచి తెచ్చిందని జతలో ఉన్న స్నేహితురాలే పట్టించింది. తప్పిన సబ్జెక్టుల మార్కుల మెమోలు అద్దెకిస్తానని టీకొట్టువాడు అట్టముక్క మార్చాడు. చివరికి అందరూ తక్కువవాళ్లే అయిపోయి, ఎక్కువ విలువ గలవాడంటూ ఎవడూ మిగలక, బిల్లు వెయ్యడానికి మనిషి దొరకలేదు. రాజధాని కంగారుపడి సెప్టెంబరు నెలాఖరుకు జతల పథకం ఎత్తేసింది. ఫీజు మళ్లీ అరవై రెండు వేలు చేసి, దాన్ని చారిత్రక సంస్కరణ అని ప్రకటించింది. ఆషాఢాన్ని మాత్రం రద్దు చెయ్యడం మరిచిపోయారు. అందుకే నా ఉద్యోగం ఇంకా ఉంది.

అక్టోబరు మొదటి వారంలో వరాలమ్మ ఎనిమిది వారాలూ పూర్తయ్యాయి. నాకు ఒక సీసాడు రొయ్యల పచ్చడి పట్టుకుని వచ్చింది. సూర్యప్రసాదరావు గారు ఉత్తర్వు విప్పి, గొంతు సవరించుకున్నారు.

"దరఖాస్తుదారునకు సదరు విషయమున నేర్చుకొనవలసినది ఏమియు మిగిలియున్నట్లు కానరానందున, ఆమెను నిజమైన విద్యార్థినిగా పరిగణింపజాలము. వీసా తిరస్కరించడమైనది." ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. కాగితం దించి ఆవిడ మొహం చూడలేకపోయారు.

"పోనిద్దురూ," అంది వరాలమ్మ. "అమ్మాయి వారం వారం ఫోన్ చేత్తాది. మొన్న గట్టు కాడి రొయ్య సంగతి వాళ్ల మేష్టారికి చెప్పిందంట, ఇంకా ఏటి చెప్పింది మీ అత్త అనడిగాడంట. నాకు ఎల్లే పనేటుందండి అక్కడికి?" అని, చీర కొంగుకు చెయ్యి తుడుచుకుంది. "ఫైలైపోయినట్టేగా. ఇప్పుడిత్తారా ఆ మూడు స్టాంపుల కాగితం?"

సూర్యప్రసాదరావు గారు నిబంధనల పుస్తకం తియ్యబోయి, మానేశారు. ఫైలు తెరిచి, పిన్ను ఊడదీసి, పత్రాన్ని రెండు చేతులతో అందించారు.

"తీసుకెళ్లమ్మా, నీదే," అన్నారు. అంత మామూలు తెలుగు ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

ఆవిడ ఖాళీ క్యారేజీ పై గిన్నె పొడిగా ఉందో లేదో వేలితో చూసి, కాగితాన్ని మడతపడకుండా గుండ్రంగా చుట్టి అందులో పెట్టుకుంది. "లామినేషన్ చేయించి మూడో టేబులు పైన గోడకంటిత్తానండి. సూపర్వైజరు రోజూ అటేపే కదా చూసేది," అంది.

దీపావళికి హిమజ, ఇంటి నుంచి తనకొచ్చిన ఫొటో ఒకటి నాకూ పంపింది. షెడ్డు గోడ మీద ఆ పత్రం మెరుస్తోంది, కింద వరాలమ్మ చేతినిండా రొయ్యలతో నవ్వుతోంది. సూపర్వైజరు ఇప్పుడు 'వరాలమ్మగారూ' అంటున్నాడని రాసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను కట్టించిన విలువల్లో ఎర్రగీత పడనిది అదొక్కటే.